చుక్క ఆగింది, కబురు లేదు: గ్లైడర్ ట్రాకర్, బీకన్ సమస్యలు – పరిష్కారాలు

హనుమకొండలో మా అక్క తెల్లవారుజామున మూడున్నరకు ఫోను పట్టుకొని, పటం మీద కదిలే ఒక చుక్కను చూస్తూ కూర్చుంటుంది. ఆమె కొడుకు అమెరికాలోని నెవాడాలో, మిండెన్ దగ్గర గ్లైడర్ (ఇంజిన్ బలంతో కాక, పైకి లేచే గాలి ఆధారంగా ఎగిరే విమానం) నడుపుతాడు. అందులోని ట్రాకర్ అనే పరికరం ఉపగ్రహం ద్వారా పంపే స్థానమే ఆ చుక్క. వేసవిలో మనకు ఆ వేళ అయితే అక్కడ ముందు రోజు మధ్యాహ్నం మూడు గంటలు, అంటే వేడిగాలి బలంగా పైకి లేచే సమయం. చుక్క ఆగినప్పుడల్లా ఆమె నాకు ఫోను చేస్తుంది కనుక ఈ వివరాలను ఒకచోట రాసి పెట్టవలసి వచ్చింది.

సమస్య: చుక్క కదలడం లేదు.

కారణం చాలాసార్లు ప్రమాదం కాదు. ట్రాకర్ పది నిమిషాలకు ఒకసారి స్థానం పంపేలా పెట్టి ఉంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే గ్లైడర్ రెండు చుక్కల మధ్య దాదాపు 17 కిలోమీటర్లు దాటిపోతుంది. పరికరం కార్బన్ ఫైబర్ భాగం కింద ఉంటే సంకేతం బయటికి సరిగా పోదు. ఫైబర్ గ్లాస్‌తో ఆ ఇబ్బంది ఉండదు. ట్రాకర్ సేవకు కట్టే చందా గడువు ముగియడం కూడా మామూలే.

పరిష్కారంగా ట్రాకర్‌ను కానపీ (పైలట్ తల మీది పారదర్శకమైన కప్పు) కింద, ఆకాశం కనిపించే చోట బిగించి, స్థానం పంపే విరామాన్ని తగ్గించాలి. ఎన్ని చుక్కలు తప్పితే ఎవరికి ఫోను చేయాలో ముందే రాసుకోవాలి. అక్క ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో మూడే వరుసలున్నాయి: మొదట వాడికి మెసేజ్, తరువాత గ్లైడర్ మైదానానికి ఫోను, వాళ్లకూ తెలియకపోతే సహాయక బృందానికి ఫోను.

సమస్య: మీట నొక్కినా సహాయం ఆలస్యమైంది.

ట్రాకర్‌లోని అత్యవసర మీట నొక్కితే కబురు ప్రైవేటు కేంద్రానికి చేరుతుంది, చందా లేకపోతే అదీ చేరదు. వ్యక్తిగత బీకన్‌కు, అంటే ఆపదలో సంకేతం పంపడానికి మనిషి వెంట ఉంచుకొనే చిన్న పరికరానికి, చందా అక్కర లేదు. అది 406 మెగాహెర్ట్జ్‌పై కాస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ గాలింపు వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా ప్రభుత్వ సహాయక వ్యవస్థకే కబురు పంపి, కనీసం 24 గంటలు మోగుతుంది, అంటే సంకేతం పంపుతూనే ఉంటుంది. దగ్గరికి వచ్చిన వారు వెతుక్కోవడానికి 121.5 మెగాహెర్ట్జ్ సంకేతం తోడుంటుంది. అయితే కబురు అందగానే సహాయక వ్యవస్థ వారు బీకన్ నమోదులో ఉన్న నంబర్లకే ముందుగా ఫోను చేస్తారు. మా మేనల్లుడి నమోదులో ఎప్పుడో తీసేయించిన మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు ఉంది! అమెరికాలో ఈ నమోదు ఉచితమే, రెండేళ్లకొకసారి దానిని సరిచూసుకోవాలి.

సమస్య: బీకన్ ఉంది, మోగలేదు.

విమానానికి బిగించిన బీకన్ తాకిడికి తానే మోగాలి, కాని ఆ తాకిడికే యాంటెన్నా విరిగిపోవచ్చు. పైలట్ పారాచూట్‌తో దూకితే సీటు పక్క సంచిలోని బీకన్ గ్లైడర్‌తోనే పోతుంది. అందుకే వ్యక్తిగత బీకన్‌ను పారాచూట్ పట్టీకే కట్టుకోవాలి. దానిని చేతితోనే మోగించాలి. పైలట్ స్పృహ తప్పితే వెతకడానికి ట్రాకర్ వదిలిన చుక్కలే ఆధారం. గ్లైడర్‌లో 50 వేల అడుగుల ఎత్తు దాటిన అమెరికా సాహసికుడు స్టీవ్ ఫాసెట్ 2007 సెప్టెంబరులో నెవాడా నుంచి మోటారు విమానంలో ఎగిరి మాయమైతే, బీకన్ సంకేతం అందక, శిథిలాలు దొరకడానికి ఏడాది దాటింది. అయినా డబ్బు ఒకదానికే ఉంటే, చందా లేకుండానే ప్రభుత్వ వ్యవస్థకు కబురు పంపుతుంది కనుక, నేను ముందు బీకన్ కొనమంటాను.

సమస్య: ఇంటికి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఆపారు.

ఉపగ్రహానికి మెసేజ్ పంపే ట్రాకర్‌ను అనుమతి లేకుండా మన దేశంలోకి తెస్తే జప్తు చేస్తారు, కేసు కూడా పెట్టవచ్చు. బతుకమ్మకు వచ్చే ముందు దానిని మిండెన్‌లోనే వదిలి రమ్మని అక్క కాగితం మీద నాలుగో వరుస రాసుకుంది.