కౌజు పిల్లలకు ఈకలు పలచబడితే నేను చేసింది

కౌజు పిల్లలు రెండో వారం దాటినా ఎదగక, వీపు మీద ఈకలు పలచబడి, ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే చాలా టెన్షన్ పడ్డాను. దాణాలో ప్రొటీన్ 24 శాతం ఉంది, అయినా అందులో మెథియోనిన్ (ప్రొటీన్‌లో భాగమైన ఒక అమైనో ఆమ్లం) చాలలేదు. మొక్కజొన్న, సోయా దాణాలో ముందు తక్కువపడేది అదే. ఈకలు కట్టుకోవడానికి మెథియోనిన్ లాంటి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలే ముఖ్యం మరి!

మొత్తం దాణాలో మెథియోనిన్ 0.5 శాతం, ఇంకో అమైనో ఆమ్లం లైసిన్ 1.3 శాతం అయ్యేలా పొడులు కలిపాను. లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడిలో అసలు లైసిన్ దాదాపు 78 శాతమే, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అసలు పని కలపడంలోనే ఉంది. కొద్దిపాటి పొడిని నేరుగా పోస్తే ఒక మూలే ఉండిపోతుంది. ముందు గుప్పెడు మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, దాన్ని కొంచెం కొంచెంగా మిగతా దాణాలోకి తిప్పాను.

వీపు మీద కొత్త ఈకలు సన్నని గొట్టాల్లా మొలిచాయి, పొడుచుకోవడం తగ్గింది. మెథియోనిన్ మరీ ఎక్కువైతే పిల్లలు మేత తగ్గించేస్తాయి, తూకం వేయకుండా కలపకండి.