ఇంటి కంప్యూటర్‌కి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా?

“ఏటి బాబూ, కంప్యూటరు బేగి తెరుచుకోట్లేదు, డీఫ్రాగ్ సాఫ్ట్‌వేరేదైనా ఎయ్యాలేటి?” శ్రీకాకుళంలో ఇళ్లకెళ్లి కంప్యూటర్లు బాగుచేసే కుర్రాళ్లని అడిగి చూడండి, ఈ మాట వినని వారం ఉండదంటారు. పిల్లాడి ఇంజినీరింగ్ కోసం కొన్న డెస్క్‌టాప్, వాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిపోయాక నాన్నగారి చేతికొస్తుంది. అందులో పెళ్లి వీడియోలు, ఫొటోలు, సినిమాలు, ఎప్పటివో పరీక్షల పీడీఎఫ్‌లు పేరుకుపోతాయి. స్విచ్ వేసి, టీ తాగి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

ఇలాంటప్పుడు నెట్‌లో వెతికి, ముందు కనబడిన సాఫ్ట్‌వేర్ దింపేసుకోవడం మామూలే. కాస్త ఆగండి. డీఫ్రాగ్ అంటే డిస్క్‌లో ముక్కలై తలోచోట పడిన ఫైళ్లని మళ్లీ ఒకచోటికి చేర్చడం. ఆ పని చేసేది విండోస్‌తోనే వస్తుంది, చాలా ఇళ్లలో బయటి సాఫ్ట్‌వేర్ అవసరమే పడదు. కావాలో వద్దో తేల్చుకోవడానికి ఈ వరసలో వెళ్లండి.

1. లోపలున్నది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా?

స్టార్ట్ బటన్ నొక్కి, ఇంగ్లీషులో డీఫ్రాగ్ అని టైప్ చేయండి. “డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్” అని వస్తుంది. తెరిస్తే మీ డ్రైవ్‌లన్నీ వరసగా కనిపిస్తాయి. పక్కనే “మీడియా టైప్” అన్న గడి ఉంటుంది. అక్కడ “సాలిడ్ స్టేట్ డ్రైవ్” అని ఉంటే మీ దగ్గరున్నది ఎస్‌ఎస్‌డీ. ఇక ఏ డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ గురించీ ఆలోచించనక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలేవీ ఉండవు. ఫైలు ఒకచోటే ఉన్నా, పది చోట్ల ఉన్నా చదివే వేగంలో మనకి తెలిసేంత తేడా రాదు. పైగా అందులోని చిప్‌ల మీద ఎన్నిసార్లు రాయొచ్చన్న దానికి ఒక పరిమితి ఉంటుంది. పట్టుబట్టి డీఫ్రాగ్ చేయిస్తే ఆ ఆయుష్షే కొంత ఖర్చవుతుంది. ఎస్‌ఎస్‌డీకి కావలసింది ట్రిమ్, అంటే చెరిపేసిన ఫైళ్ల చోటు ఇక ఖాళీయేనని దానికి చెప్పడం. ఇదే కిటికీలో “ఆప్టిమైజ్” నొక్కితే విండోస్ ఆ పని చేసిపెడుతుంది. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో కూడా ఉన్నది చిప్‌లే కాబట్టి వాటినీ వదిలేయండి.

“హార్డ్ డిస్క్ డ్రైవ్” అని ఉందా? అయితే ముందుకు వెళ్దాం. ఇందులో పళ్లెం తిరుగుతుంటుంది, హెడ్ దాని మీద అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. సిరిమాను పండగనాడు విజయనగరం వెళ్లే ఆర్టీసీ బస్సులో ఒకే ఇంటివాళ్లు పదిమంది ఎక్కి, ఖాళీ దొరికిన చోటల్లా కూలబడ్డారనుకోండి. వాళ్లని లెక్కపెట్టాలంటే కండక్టరు బస్సంతా తిరగాలి. డీఫ్రాగ్ వాళ్లందర్నీ పక్కపక్క సీట్లలోకి చేరుస్తుంది. డెస్క్‌టాప్ డిస్కులు సాధారణంగా నిమిషానికి 7200 చుట్లు తిరుగుతాయి, ల్యాప్‌టాప్‌వి ఎక్కువగా 5400. 5400 డిస్క్‌కి ఒక చుట్టు పూర్తవడానికి సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక వీడియో వెయ్యి ముక్కలై ఉంటే, ముక్కకి 10 మిల్లీసెకన్లు వేసుకున్నా వెతుకులాటకే 10 సెకన్లు పోయినట్టు.

2. డిస్క్ బాగుందా?

ఈ మెట్టు ఎవరూ ఎక్కరు, నేనైతే తప్పించుకోనివ్వను. డీఫ్రాగ్ డిస్క్ చేత గంటల తరబడి చాకిరీ చేయిస్తుంది. ఇప్పటికే పాడవుతున్న డిస్క్ ఆ చాకిరీకి పూర్తిగా పోవచ్చు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి తెరవండి. నీలం రంగులో “గుడ్” అని ఉంటే ఫర్వాలేదు. పసుపులో “కాషన్” అనో, ఎరుపులో “బ్యాడ్” అనో ఉంటే డీఫ్రాగ్ మాట మరిచిపోయి, ఫొటోలూ వీడియోలూ వేరే డిస్క్‌లోకి ఎత్తుకోండి. కింద పట్టీలో “రీఅలొకేటెడ్ సెక్టార్స్”, “కరెంట్ పెండింగ్ సెక్టార్స్” అన్న రెండు వరసలు చూడండి. అక్కడి అంకెలు సున్నా దాటి, నెలనెలా పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిన రోజు దగ్గరపడినట్టే. డబ్బాలోంచి టక్ టక్ మని చప్పుడొస్తుంటే ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, వెంటనే బ్యాకప్ తీసుకోండి.

3. నిజంగా ముక్కల వల్లే నెమ్మదించిందా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ 90 శాతం పైన ఉంటే తప్పు ర్యామ్‌ది. 4 జీబీతో విండోస్ 10 నడుపుతూ బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే డీఫ్రాగ్ చేసేదేమీ లేదు. “స్టార్టప్” పేజీలో కంప్యూటర్‌తోపాటు లేచే సాఫ్ట్‌వేర్లుంటాయి, అక్కర్లేనివి ఆపేయండి. సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో కూడా చూడండి. డీఫ్రాగ్‌కి ఫైళ్లని పక్కకి జరిపి పెట్టుకునే చోటు కావాలి. కనీసం 15 శాతం ఖాళీ ఉంచడం మంచి పద్ధతి. అంటే 500 జీబీ డ్రైవ్‌లో 75 జీబీ. అంత లేకపోతే ముందు సినిమాలు తీసేయండి. అదే సగం వైద్యం.

4. విండోస్‌తో వచ్చిన దాన్నే ముందు వాడండి

ఇందాకటి కిటికీలోనే హార్డ్ డిస్క్‌ని ఎంచుకుని “అనలైజ్” నొక్కండి. ఎంత శాతం ముక్కలైందో చెబుతుంది. 10 దాటితే “ఆప్టిమైజ్” నొక్కండి. అంతకంటే తక్కువుంటే పనిలేదు.

విండోస్ దీన్ని వారానికోసారి తనంతట తనే చేసుకునేలా సెట్ అయి వస్తుంది. విండోస్ 7లో ఆ ముహూర్తం బుధవారం రాత్రి ఒంటిగంటకి. మన ఇళ్లలో ఆ వేళకి కంప్యూటర్ వేసి ఉంచేదెవరు? కరెంటు బిల్లు గుర్తొచ్చి పదింటికే ప్లగ్ తీసేస్తాం. తప్పిపోయిన పనిని తర్వాత కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు అది చేసుకోవాలి. కానీ మెయిల్ చూసి వెంటనే కట్టేసే ఇళ్లలో ఆ అవకాశమూ దానికి చిక్కదు. అందుకే “లాస్ట్ రన్” గడి (కొత్త విండోస్‌లో “లాస్ట్ అనలైజ్డ్ ఆర్ ఆప్టిమైజ్డ్”) చూడండి. ఎన్నో నెలల కిందటి తేదీ ఉంటే ఓ ఆదివారం మధ్యాహ్నం మీరే నడిపించండి.

బయటి సాఫ్ట్‌వేర్లతో పోల్చేటప్పుడు ఒక సంగతి తెలిసుండాలి. విండోస్ 64 ఎంబీ కంటే పెద్ద ముక్కలని ముక్కలుగా లెక్కపెట్టదు. అంత పెద్ద ముక్క నుంచి ఇంకోదానికి గెంతడానికి పట్టే సమయం చదివే సమయం ముందు లెక్కలోకి రాదు కాబట్టి. బయటివి కొన్ని ప్రతి ముక్కనీ లెక్కేసి, తెరంతా ఎర్ర గళ్లతో నింపి చూపిస్తాయి. విండోస్ 2 శాతం అన్నచోట అది 20 అంటే విండోస్ అబద్ధమాడినట్టు కాదు, ఇద్దరి కొలత వేరు.

5. బయటిది ఎవరికి కావాలి, ఏది తీసుకోవాలి?

ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునేవాళ్లకి, పెద్ద పెద్ద ఫైళ్లు రోజూ రాసి చెరిపేవాళ్లకి బయటిది పనికొస్తుంది. విండోస్ కిటికీలో మొత్తం డ్రైవ్‌ని ఎంచుకోవాల్సిందే, ఒక్క ఫోల్డర్‌ని ఎంచుకోలేం. డీఫ్రాగ్లర్‌లో ఆ వీలుంది. ముక్కలైన ఫైళ్ల జాబితా చూపిస్తుంది, కావలసినవాటికి టిక్ పెట్టి వాటినే అతికించమనొచ్చు. ఉచితమే, కాకపోతే పాత సరుకు. ఆస్లాజిక్స్ డిస్క్ డీఫ్రాగ్‌కి ఉచితమూ, డబ్బు కట్టేదీ రెండూ ఉన్నాయి. ఓ అండ్ ఓ డీఫ్రాగ్, పర్ఫెక్ట్‌డిస్క్ డబ్బు కట్టి కొనేవి. ఇంటి అవసరానికి వాటి మీద ఖర్చు నాకు దండగనిపిస్తుంది. బ్లాక్ స్క్రీన్‌లో కమాండ్లు టైప్ చేయడం అలవాటున్నవారికి మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్‌లో కాంటిగ్ అని చిన్నది దొరుకుతుంది, ఒక్క ఫైలుని కూడా సరిచేస్తుంది. ఒకప్పుడు పేరున్న మైడీఫ్రాగ్‌ని తయారుచేసినవారే ఆపేశారు, కొత్తగా దాని జోలికి వెళ్లొద్దు.

ఏది తీసుకున్నా తయారుచేసినవారి సైట్ నుంచే దింపుకోండి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ కాపీ వద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకుండా “కస్టమ్” ఎంచుకుని, తగిలించిన టూల్‌బార్లు, బూస్టర్లు, క్లీనర్ల టిక్‌లు తీసేయండి. ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టి దాన్ని వదిలేస్తుందా, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదున్నప్పుడు ఆగుతుందా అన్నవి సెట్టింగ్స్‌లో చూడండి. డీఫ్రాగ్ చేయమంటే “మీ కంప్యూటర్లో 1000 లోపాలున్నాయి, డబ్బు కడితే సరిచేస్తాం” అని బెదిరించేదాన్ని ఆ నిమిషమే తీసేయండి. బయటిదానికి షెడ్యూల్ పెట్టుకుంటే విండోస్ షెడ్యూల్ ఆపండి, రెండూ ఒకే డిస్క్ మీద పడి కుస్తీ పట్టకుండా.

6. నడిపేటప్పుడు

బ్యాకప్ తీశాకే మొదలుపెట్టండి. మనది తుపాన్ల జిల్లా. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్దది కాకపోయినా ఈదురుగాలి వేస్తే లైను పోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా ఫైళ్లు దాచే పద్ధతి) డ్రైవ్ మీద డీఫ్రాగ్ ముందు కొత్తచోట కాపీ రాసి, ఆ తర్వాతే చిరునామా మారుస్తుంది. కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఫైలు మాయమవడం అరుదు. అయినా పాత డిస్క్‌కి రాస్తుండగా ఠక్కున ఆగిపోవడం మంచిది కాదు. మబ్బు పట్టిన రోజు వద్దు. యూపీఎస్ ఉన్నా దాన్ని నమ్ముకుని గంటల పని మొదలుపెట్టకండి. అది కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపుకోవడానికే సరిపోతుంది. మొదటిసారైతే పెద్ద డిస్క్‌కి కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా దాని మీద వేరే పని పెట్టుకోకండి. అవసరమైతే “స్టాప్” నొక్కొచ్చు, అప్పటిదాకా జరిగిన పని పోదు.

ఇంత చేశాక కూడా తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంటే డీఫ్రాగ్ చేయగలిగింది అయిపోయింది. అప్పుడు డబ్బు సాఫ్ట్‌వేర్ మీద పెట్టకుండా, చిన్న ఎస్‌ఎస్‌డీ కొని విండోస్‌ని అందులోకి మార్పించుకోండి. పాత హార్డ్ డిస్క్ ఇంకా “గుడ్” అంటుంటే డీ డ్రైవ్‌గా ఉంచి వీడియోలు అందులో పెట్టుకోవచ్చు. ఆ మర్నాడు ఆప్టిమైజ్ కిటికీ మరోసారి తెరిచి, సీ పక్కన “సాలిడ్ స్టేట్ డ్రైవ్” అనీ, డీ పక్కన “హార్డ్ డిస్క్ డ్రైవ్” అనీ ఉన్నాయో లేదో, షెడ్యూల్‌లో రెండింటికీ టిక్ ఉందో లేదో చూసుకోండి.