రిపీట్లు సగంలోనే ఆగిపోతుంటే ముందు చూడవలసింది లేన్ నంబరు

సమస్య: 5 కి.మీ.ను 20 నిమిషాల్లో పరుగెత్తగల రన్నర్ అదే పేస్‌లో, అంటే ల్యాప్‌కు (ట్రాక్ చుట్టూ ఒక చుట్టుకు) 96 సెకన్ల చొప్పున, 800 మీటర్ల రిపీట్లు (మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ మళ్లీ మళ్లీ పరుగెత్తే పరుగులు) ఆరు చేయాలని ట్రాక్ మీదికి వస్తారు. మొదటి రెండూ సమయానికే పూర్తవుతాయి, మూడోదానికి కాళ్లు బిగుస్తాయి, నాలుగోది మధ్యలోనే ఆగిపోతుంది.

ఇలా జరిగినప్పుడు చాలామంది మొదటి రిపీట్‌ను ఉత్సాహం కొద్దీ వేగంగా పరుగెత్తి ఉంటారు, లేదా ఇటీవలి పోటీ సమయాన్ని వదిలి, రావాలని కోరుకుంటున్న సమయాన్ని బట్టి పేస్ పెట్టుకుని ఉంటారు. ఈ రెండూ సరిదిద్దుకోవడం తేలికే.

అవి సరిగానే ఉన్నా రిపీట్లు నిలవకపోతే, ఏ లేన్‌లో పరుగెత్తారో చూడండి. దీన్ని ఎవరూ చూడరు. ఎనిమిది లేన్ల ప్రామాణిక ట్రాక్‌లో ల్యాప్ 400 మీటర్లు కావడం మొదటి లేన్‌కు మాత్రమే వర్తిస్తుంది. అదీ లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్లు బయటివైపుగా కొలిచిన దూరం. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు కనుక, బయటికి జరిగేకొద్దీ ల్యాప్ లేన్‌కు ఏడు మీటర్లకు పైగా పెరుగుతూ నాలుగో లేన్‌లో 422, ఆరో లేన్‌లో దాదాపు 438, ఎనిమిదో లేన్‌లో 453 మీటర్లవుతుంది. లోపలి లేన్లు రద్దీగా ఉన్నాయనో, వాటిని వదిలి పరుగెత్తమన్నారనో ఆరో లేన్‌లోకి వెళ్లి, అక్కడా 96 సెకన్లకే ల్యాప్ పూర్తిచేసే రన్నర్ కిలోమీటరుకు 4 నిమిషాల పేస్ అనుకుంటూ నిజానికి 3 నిమిషాల 39 సెకన్ల పేస్‌లో పరుగెత్తుతారు, పైగా ప్రతి రిపీట్‌లోనూ 75 మీటర్లు అదనంగా. స్టాప్‌వాచ్‌లో అంకె సరిగానే కనిపిస్తుంది కాబట్టి లోపం ఓపికదే అనుకుని, మరుసటి వారం ఇంకా కష్టపడి, పిక్క కండరాలకు గాయం తెచ్చుకుంటారు. ఓపిక ఉన్నవాళ్లు ఇలా దెబ్బతినడం నిజంగా బాధాకరం.

పరిష్కారం: లేన్ మార్చలేకపోతే సమయం మార్చండి. 4 నిమిషాల పేస్‌కు నాలుగో లేన్‌లో ల్యాప్‌కు 101, ఆరో లేన్‌లో 105, ఎనిమిదో లేన్‌లో 109 సెకన్లు పట్టాలి. 400 మీటర్ల రిపీట్లకు ఈ లెక్క కూడా అక్కరలేదు. మీ లేన్‌లో 400 మీటర్ల పోటీకి గీసిన స్టార్ట్ గీత నుంచి ఫినిష్ గీత వరకు పరుగెత్తితే ఏ లేన్‌లోనైనా దూరం 400 మీటర్లే. జీపీఎస్ వాచీ వంపుల దగ్గర దూరాన్ని తప్పుగా చూపవచ్చు కనుక దాన్ని నమ్మి పేస్ సరిచేసుకోకండి. అందులో ట్రాక్ మోడ్ ఉంటే లేన్ నంబరు సరిగ్గా ఇవ్వండి. కాలేజీ మట్టి ట్రాకులు అన్నీ 400 మీటర్లవి కావు, టేపుతో ఒకసారి కొలవండి.

గాలి, బూట్లు, స్పైకుల వల్ల ఇంత తేడా రావడం అరుదు. తేలిక పరుగు కూడా వారాల తరబడి భారంగా ఉంటే మాత్రం డాక్టరు సలహాతో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (శరీరంలో ఇనుము నిల్వలను తెలిపేది) పరీక్షలు చేయించుకోండి.