దసరా లోపు మందు మానాలని ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగ్‌కు వెళ్లేవాళ్లు ముందు ఇవి చూసుకోండి

రోజూ గట్టిగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేయకండి, ముందు సర్కారు దవాఖానలో డాక్టర్‌ను కలవండి. వణుకుతో పోయేది కాదు, రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్, మతి తప్పడం దాకా వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు. మీటింగ్‌లో ధైర్యం దొరుకుతుంది, మందులు ఇవ్వరు.

పాలమూరు వైపు కల్లు అలవాటుంటే అదీ డాక్టర్‌కు చెప్పండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలుపుతారు, అవి ఒంటికి అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు. కల్లే కదా అని తీసిపారేసేది కాదు.

బయల్దేరే ముందు ఫోన్ చేసి టైమ్, చోటు ఖాయం చేసుకోండి. దేవరకొండ నుంచి నల్గొండ దాకా బస్సెక్కి వచ్చి తాళం చూస్తే మళ్లీ రాబుద్ధి కాదు, పైగా బస్టాండ్ దగ్గర వైన్స్ ఉండనే ఉంటుంది. దగ్గర్లో ఏ సాయం ఉందో తెలియకపోతే మత్తు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446కు చేయండి, ఉచితం.

ఓపెన్ మీటింగా, క్లోజ్డా అడగండి. క్లోజ్డ్ అయితే వెంట వచ్చిన భార్యో అన్నో బయటే కూర్చోవాలి.

ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పనక్కర్లేదు. ఊళ్లో తెలుస్తుందని టెన్షన్ ఉంటే పక్క టౌన్‌కు వెళ్లండి.

మొదటిరోజు మాట్లాడకపోయినా ఎవరూ ఏమనరు.