మీరు కట్టిన బాణీని తోటివాళ్లకు వినిపించి, పనికొచ్చే మాట రాబట్టడం ఎలా?

కొత్త బాణీ కట్టిన రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే లేచి, ఫోన్లో పాడి పెట్టుకున్న రికార్డింగ్‌ను తెలిసినవాళ్లందరికీ పంపిస్తాం. సాయంత్రానికి జవాబులు వస్తాయి. రెండు చప్పట్ల బొమ్మలు, ఒక "సూపర్ అన్నా", మేనత్త నుంచి "గొంతు బాగుందిరా". పాపం, ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి పాట ఎందుకు చప్పబడిందో ఒక్కరూ చెప్పలేదు. మనమూ అడగలేదు.

నేను ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ట్యూన్లు కట్టుకునేవాణ్ణి. నాలాంటి ఐదుగురం కొన్నేళ్లుగా ఒకరి బాణీలు ఒకరం వింటున్నాం. ఇద్దరం విజయవాడ, ఒకరు హైదరాబాద్, ఇద్దరు అమెరికా. మొదటి ఏడాది ఒకరినొకరు పొగుడుకున్నాం, రెండో ఏడాది అలిగాం. ఆ తర్వాత కుదురుకున్న పద్ధతి ఇది.

అడుగు 1: ముందు మనుషుల్ని చూసుకోండి

నలుగురి నుంచి ఆరుగురు చాలు. పదిమంది దాటితే ప్రతివారూ "ఇంకెవరో చెబుతారులే" అనుకుంటారు. అందరూ ఒకే బాపతు అయితే లాభం లేదు. స్వరజ్ఞానం ఉన్నవాళ్లు ఒకరు, బాగా పాడేవాళ్లు ఒకరు, పాటలు రాసేవాళ్లు ఒకరు ఉండాలి. రాగాల పేర్లు ఒక్కటీ తెలియకపోయినా పొద్దస్తమానం పాటలు వినే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. మాలో అలాంటాయన ఉన్నారు. ఆయన "ఇక్కడ బోర్ కొట్టింది" అన్నచోట స్వరాలు రాసి చూస్తే, చాలాసార్లు ఒకే సంగతి, అంటే ఒకే స్వరాల ముక్క, నాలుగుమార్లు తిరిగి ఉంటుంది.

వారానికి రెండు బాణీలకు మించొద్దు. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి: మీ బాణీ వినిపించాలంటే అంతకుముందు ఇతరుల బాణీలు రెండింటి మీద మీరు రాసి ఉండాలి.

అడుగు 2: మొదటి నెల ఎవరి సొంత పాటా వద్దు

కొత్తగా చేరినవాళ్లకు ఇది నచ్చదు, అయినా వదలొద్దు. అందరూ ఒకే సాహిత్యం తీసుకుని ఎవరికి వారు బాణీ కట్టండి. మన తెలుగువాళ్లకు దీనికి అన్నమయ్య ఉండనే ఉన్నాడు. ఆయన సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికినప్పుడు ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది కానీ ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. ఇవాళ మనం వింటున్న వరసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కట్టినవే. అంటే ఒకే సాహిత్యానికి రెండు మూడు బాణీలు ఉండటం మనకు కొత్తేమీ కాదు. మీరు ఎప్పుడూ వినని కీర్తన ఒకటి ఎంచుకోండి. వినేసిన పాటైతే పాత వరస చెవిలో కూర్చుని కదలదు.

ఐదు బాణీలు పక్కపక్కన పెట్టి వింటే అసలు తేడాలు బయటపడతాయి. పల్లవిని ఒకరు మంద్రంలో (కింది స్థాయిలో) ఎత్తుకుంటారు, ఒకరు నేరుగా పంచమం ("ప" స్వరం) మీదికి వెళతారు. ఒకరికి అది వేడుకోలుగా వినిపిస్తుంది, ఇంకొకరికి దెప్పిపొడుపుగా. సాహిత్యం ఎవరిదీ కాదు కాబట్టి అలకలూ తక్కువే. బాణీ గురించి మాట్లాడటానికి కావలసిన మాటలు ఆ నెలలోనే అలవాటవుతాయి.

అడుగు 3: పచ్చి బాణీనే రికార్డ్ చేయండి

గొంతు, శ్రుతి, తాళం. ఈ మూడూ చాలు. కీబోర్డ్‌లో స్ట్రింగ్స్ వేసి, రిథమ్ ప్యాడ్ కలిపి, రివర్బ్ అద్ది పంపితే వినేవాళ్ల చెవి ఆ సౌండ్ మీదికి పోతుంది. అడుగున ఉన్న బాణీ బలహీనంగా ఉన్నా తెలియదు. మీ సందేహం ఇంటర్‌లూడ్ (పాట మధ్యలో వచ్చే వాద్యసంగీతం) గురించో కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) గురించో అయితే వాటితోనే పంపాలి, అది వేరే సంగతి.

ఫోన్ రికార్డర్ సరిపోతుంది. ఫ్యాన్ ఆపండి. బట్టల బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా నిలబడి పాడితే గది ప్రతిధ్వని తగ్గుతుంది. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. లేకపోతే "ప", "భ" పలికిన చోటల్లా గాలి దెబ్బ పడుతుంది. తంబురా యాప్‌ని ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో వింటూ పాడండి, రెండో చెవి ఖాళీగా ఉంచుకోండి. మరీ గట్టిగా పాడి రికార్డింగ్ పగలనివ్వకండి. మీటరు కనిపించే యాప్ అయితే శిఖరాలు, అంటే శబ్దం బాగా పెరిగే చోట్లు, మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి.

శ్రుతి ఎంచుకునేటప్పుడు మీ గొంతుతో పాటు బాణీనీ చూడాలి. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర (కీబోర్డ్ మీద C, C#) దగ్గర, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర (G, G#) దగ్గర పాడటం మామూలు. చరణంలో తారస్థాయి (పై స్థాయి) గాంధారం, అంటే పై "గ", దాటి వెళ్లారంటే, రేపు ఆ పాట పాడే మనిషికి అది అందుతుందో లేదో ఇప్పుడే పాడేవాళ్లను అడగండి.

పంపించే పద్ధతి దగ్గర చాలామంది బోల్తా పడతారు. చాటింగ్ యాప్‌లలో వాయిస్ నోట్‌గా పెడితే ధ్వనిని బాగా కుదించేస్తాయి, గమకాల (స్వరాల మీద వేసే ఊపుల) అంచులు పోతాయి. ఫైల్‌ను డాక్యుమెంట్‌గా జత చేయండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి. 192 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి ఒకటిన్నర ఎంబీ కూడా కాదు, వినడానికి అది చాలు. 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్ స్టీరియోలో నిమిషానికి 16 ఎంబీ దాకా పోతుంది. దాన్ని మీ దగ్గర దాచుకోండి. ఫైల్ పేరులో పాట మొదటి మాట, రాగం లేదా స్కేల్, వెర్షన్ సంఖ్య, తేదీ ఉండాలి. "న్యూ ట్యూన్ ఫైనల్ ఫైనల్ 2" అని నేను పెట్టిన ఫైళ్లు ఆరున్నాయి, ఏది ఏదో నాకే తెలియదు.

అడుగు 4: ఒక ప్రశ్న వేయండి

"ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. పెళ్లిలో భోజనం గురించి అడిగినట్టు ఉంటుంది అది. అడగవలసింది ఇలాంటివి:

- పల్లవి రెండోసారి విన్నాక గుర్తుండిపోయిందా? గుర్తున్నంత వరకు హమ్ చేసి పంపగలరా?
- చరణం నుంచి పల్లవికి తిరిగి వచ్చేచోట అతుకు కనిపిస్తోందా?
- ఇది తల్లి పాడే పాట. విన్నప్పుడు మీకు ఎవరు పాడుతున్నట్టు అనిపించింది?

మొదటి ప్రశ్న నాకు చాలా ఇష్టం. వాళ్లు హమ్ చేసి పంపిన దాంట్లో మీ బాణీ ఎక్కడ మారిపోయిందో చూడండి. ఐదుగురిలో ముగ్గురు ఒకే చోట ఒకే విధంగా తప్పు పాడితే, వాళ్లు పాడినదే సహజమైన వరస కావచ్చు. నా పాటల్లో రెండు పల్లవులు అలాగే బాగుపడ్డాయి.

పాట వెనక కథ ముందే చెప్పకండి. "మా నాన్న పోయినప్పుడు కట్టాను" అన్నాక ఇంకెవరు నోరు విప్పుతారు?

అడుగు 5: వినేవాళ్లు మూడుసార్లు వినాలి

మొదటిసారి ఆపకుండా, ఏమీ రాయకుండా. రెండోసారి కాగితం పెట్టుకుని, ఏదైనా అనిపించిన ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకుంటూ. మూడోసారి ఆ చోట్లు మాత్రమే. బస్సులో ఒక చెవితో విని అభిప్రాయం రాయడం కట్టినవాళ్లకు అన్యాయం.

రాసేటప్పుడు ముందు విన్నది చెప్పండి, తర్వాత మీకు అనిపించింది, చివర్లో సలహా. సలహా లేకపోయినా పర్వాలేదు. "చరణం బాగాలేదు" అంటే కట్టినవాళ్లు ఏం చేసుకోవాలి? దాన్నే ఇలా రాయవచ్చు: "1:12 దగ్గర చరణం కూడా పల్లవి లాగే షడ్జమం ("స") నుంచి మొదలై పంచమం దాకా ఎక్కి దిగింది. నాకు పల్లవి మళ్లీ వచ్చిందనిపించింది. చరణాన్ని పైనుంచి కిందికి దించుతూ మొదలుపెట్టి చూస్తారా?" ఇందులో మొదటి వాక్యంతో ఎవరూ గొడవ పడలేరు. రెండోది మీ అనుభవం, మూడోది వాళ్లు తోసిపుచ్చగల మాట.

నచ్చినదాన్ని కూడా అంతే వివరంగా చెప్పాలి. "0:34 దగ్గర నిషాదం ("ని") మీద ఆగినప్పుడు ఒళ్లు జలదరించింది" అంటే కట్టినవాళ్లు ఆ చోటు జోలికి పోకుండా మిగతాది మార్చుకుంటారు. మెచ్చుకోలు లేకపోతే ముందు చెడగొట్టేది ఆ మంచి చోటునే, నేను చేశాను ఆ పని.

రెండు వెర్షన్లు పోల్చి చెప్పేటప్పుడు రెండింటి శబ్దం సమానంగా పెట్టి వినండి. కొంచెం గట్టిగా వినిపించేదే మెరుగ్గా ఉన్నట్టు చెవి మోసపోతుంది.

అడుగు 6: మాటను విడిగా వినండి

తెలుగులో బాణీ కట్టేవాళ్లందరం కాలు జారే చోటు ఇదే. మన భాషలో అచ్చు పొడవు మారితే అర్థం మారిపోతుంది. "నది దాటి వచ్చాను" అనే పాదంలో "న" మీద బాణీ రెండు అక్షరాల కాలం ఆగిందంటే అది "నాది దాటి" అవుతుంది. "కల" సాగితే "కాల". కట్టినవాళ్లకు మాట ముందే తెలుసు కాబట్టి తప్పు వినపడదు. అందుకే సాహిత్యం కాగితం చూడకుండా విని, వినిపించినట్టే రాసి పంపమని గుంపులో ఒకరికి అప్పగించండి. వాళ్లు రాసిన దాన్ని అసలు దానితో పోల్చితే చాలు.

విరుపు కూడా అంతే. "మనసు మాట వినదు" అన్నది తాళం దెబ్బకు "మనసుమా, ట వినదు" అని విరిగితే నవ్వొస్తుంది. ఇలాంటప్పుడు బాణీ మార్చాలా, మాట మార్చాలా? నా ఓటు ముందు ఎత్తుగడ మార్చి చూడటానికే. తాళం మొదలయ్యాక అర దెబ్బ ఆగి ఎత్తుకుంటే, అంటే అనాగతంలో, చాలా విరుపులు వాటంతటవే సర్దుకుంటాయి. స్వరం ఒక్కటి కూడా మార్చనక్కర్లేదు.

అడుగు 7: "ఎక్కడో విన్నట్టుంది" అంటే ఏం చేయాలి

సినిమా పాటల్లో పెరిగినవాళ్లం, ఈ మాట రాక తప్పదు. వినగానే కుంగిపోవద్దు, కొట్టిపారేయనూ వద్దు. ముందు "ఏ పాట, ఏ చోటు?" అని అడగండి. చాలాసార్లు పోలిక రాగం వరకే ఉంటుంది. మోహన రాగంలో ఉన్నవి ఐదే స్వరాలు, స రి గ ప ద. ఆ రాగంలో ఎవరు ఏం కట్టినా చుట్టాల్లాగే ఉంటాయి. రాగం ఎవరి సొత్తూ కాదు. పైగా స్వరాలు ఒకటైనంత మాత్రాన పాట ఒకటవదు. హిందుస్తానీలో భూప్, దేశ్‌కార్ రాగాలు రెండింటికీ ఇవే స్వరాలు, అయినా వాటి నడక వేరు, వినేవాడు ఇట్టే గుర్తుపడతాడు.

పరీక్ష ఇలా చేయండి. రెండు పాటల పల్లవులనూ ఒకే శ్రుతికి తెచ్చి, మొదటి రెండు ఆవర్తాల (తాళం చుట్ల) స్వరాలు తాళం అక్షరాల కింద రాయండి. ఆదితాళం అయితే ఎనిమిదేసి గళ్లు. స్వరాలు మాత్రమే కలిసి దెబ్బలు వేరుగా ఉంటే, లేదా దెబ్బలు కలిసి స్వరాలు వేరుగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. రెండూ వరసగా కలిసిపోతున్నాయంటే ఆ ముక్క మీది కాదు, మీ జ్ఞాపకానిది. మార్చేయండి. ఇది కోర్టు లెక్క కాదు, మా ఇంటి లెక్క. కానీ తర్వాత ఎవరో బయట చెప్పేదాకా ఆగడం కంటే నయం.

అడుగు 8: మాట పడే పద్ధతి

అభిప్రాయాలు వచ్చిన రోజు జవాబు రాయొద్దు. "థాంక్స్, చదివాను" అంతే. సంజాయిషీ మొదలుపెడితే వచ్చేసారి వాళ్లు మర్యాదకు మాట్లాడతారు. మర్నాడు అన్నీ ఒక కాగితం మీద సెకన్ల వారీగా రాయండి. ఒకే చోటు ముగ్గురి వేలు పడితే అక్కడ ఏదో ఉంది, వాళ్లు చెప్పిన కారణాలు మూడు రకాలుగా ఉన్నా సరే. ఒక్కరే అన్నది మీకు ముందే లోపల గుచ్చుకున్న చోటైతే అదీ లెక్కలోకి తీసుకోండి. మిగతావి పక్కన పెట్టే హక్కు మీకుంది. అందరి సలహాలూ పాటించి కట్టిన నా పాట ఒకటుంది. దానిలో తప్పు లేదు, ప్రాణమూ లేదు.

అడుగు 9: హక్కుల మాట ముందే అనుకోండి

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బాణీ సృష్టించినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. బాణీ ఒక రచన, సాహిత్యం వేరొక రచన. కట్టినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. అన్నమయ్య సాహిత్యం అందరిదీ. కానీ 1979లో కన్నుమూసిన రాళ్లపల్లివారు దానికి కట్టిన వరసకు ఈ లెక్కన 2039 చివరి దాకా గడువుంది. రెండో అడుగులో వినని కీర్తన ఎంచుకోమన్నది ఇందుకు కూడా.

గుంపు లోపల తేల్చుకోవలసింది ఇంకొకటుంది. ఎవరైనా "ఇలా పాడి చూడు" అని ఒక పాదం వరస ఇస్తే, మీరు దాన్ని ఉన్నదున్నట్టు వాడుకుంటే వాళ్ల పేరు ఎక్కడ వేస్తారు? మాది ఒకటే లెక్క: లోపం చూపిస్తే కృతజ్ఞత, పాదం ఇస్తే సహ స్వరకర్త. మొదటి రోజే ఇది రాసిపెట్టుకున్నాం. మీ రికార్డింగ్ తేదీతో సహా పంపిన మెసేజ్‌లను చెరిపేయకండి, ఎవరు ఎప్పుడు ఏం కట్టారో చూపించడానికి అవి పనికొస్తాయి.

మార్చిన వెర్షన్‌ను రెండు మూడు వారాలు ఆగి పంపండి, మొదటిది కూడా పక్కన పెట్టి, ఏది పాతదో చెప్పకుండా. మొన్న సంక్రాంతికి నేను అలా పంపితే మిగతా నలుగురూ పాతదే బాగుందన్నారు. మళ్లీ దాని దగ్గరికే వెళ్లాను. "నది" ఒక్కటి మాత్రం సరిచేశాను.