ఎవరైనా ఫొటో చూపించి ‘ఎలా ఉంది?’ అని అడిగితే పనికొచ్చేలా చెప్పడం ఎలా?

సంక్రాంతి వెళ్ళిన వారం రోజులూ కోనసీమలో ఎవరి ఫోను చూసినా ప్రభలే, అంటే భుజాల మీద మోసుకెళ్ళే ఎత్తయిన వెదురు అలంకారాలే. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళొచ్చిన కుర్రవాళ్ళు, పండక్కి వచ్చిన అల్లుళ్ళు, ఈమధ్యే కెమెరా కొనుక్కున్న మాస్టార్లు అందరూ తమ ఫొటోలు చూపించి ‘ఎలా ఉంది?’ అని అడుగుతారు. ‘చాలా బాగుంది’ అంటే ఆ పూటకు సంతోషిస్తారు. పెదవి విరిస్తే ఇంకోసారి చూపించరు. ఏ మాటన్నా, వచ్చే కనుమకు తాము ఏం మార్చుకోవాలో మాత్రం వాళ్ళకు తెలియదు.

మీ మాట విన్న మనిషి మళ్ళీ అదే రేవుకో, అదే చేను గట్టుకో వెళ్ళినప్పుడు ఒక్క పనైనా వేరుగా చేయాలి. అప్పుడే మీరు చెప్పింది అభిప్రాయం అవుతుంది. అందుకు మీరు పేరున్న ఫొటోగ్రాఫరు కానక్కరలేదు. ఓపికగా చూడాలి, చూసింది మాటల్లో పెట్టాలి.

1. అసలు ఫైలు తెప్పించుకోండి

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది. దూరాన ఉన్న కొబ్బరాకులు అలికేసినట్టు కనిపిస్తాయి. అది చూసి ‘స్పష్టత లేదు’ అంటే తీసినవారికి అన్యాయం చేసినట్టే. డాక్యుమెంటుగా పంపమని అడగండి. అలా వచ్చిన ఫైలులో షట్టర్ వేగం (వెలుతురును ఎంతసేపు లోపలికి రానిచ్చిందో), ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంత స్పందించేలా పెట్టారో), వాడిన లెన్సు వంటి వివరాలు కూడా సాధారణంగా ఉంటాయి. తర్వాత కారణాలు వెతికేటప్పుడు అవి చాలా ఉపయోగపడతాయి.

ఎండలో నిలబడి ఫోనులో చూస్తే ప్రతి ఫొటో చీకటిగానే ఉంటుంది. నీడలోకి రండి, స్క్రీను వెలుతురు మధ్యస్థంగా పెట్టుకోండి. నోరు విప్పే ముందు ఒక నిమిషం ఊరికే చూడండి. ఒక ఫొటో మీద ఇప్పుడు ఎవరూ నిమిషం పాటు చూపు నిలపడం లేదు. మీరు నిలిపారని తెలిస్తే అవతలివారు సగం విన్నట్టే.

2. ఏం చూసి ఆగారో అడగండి

రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు గట్టున ఉంది. అందుకే ఘాట్ల దగ్గర నిలబడితే సాయంత్రం సూర్యుడు నది అవతలికి దిగుతాడు. ఆర్చి వంతెన, ఎర్రటి ఆకాశం, ఒక పడవ ఉన్న ఫొటో ఈ ప్రాంతంలో దాదాపు ప్రతి ఫోనులోనూ ఉంటుంది. అలాంటిది ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. తీసినవారికి ఆర్చీల వంపు నచ్చి ఉండవచ్చు. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచి ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన మీద మనసు పడి ఉండవచ్చు. లేదా ఆ పడవలో కూర్చున్న మనిషి కోసమే తీసి ఉండవచ్చు. మూడింటికీ ఇవ్వాల్సిన సలహాలు వేరు. పడవలో మనిషి కోసం తీసిన ఫొటోకు ‘ఆకాశం ఇంకొంచెం రావాల్సింది’ అని చెబితే తీసినవారిని పక్కదారి పట్టించినట్టే.

అందుకే మొదటి ప్రశ్న: ‘అక్కడ ఏం చూసి ఆగారు?’ చాలామంది ఈ ప్రశ్నకు తడబడతారు. జవాబు వెతుక్కోవడంలోనే కొందరికి తమ ఫొటోలో ఏం తగ్గిందో తెలిసిపోతుంది.

3. కనిపించింది కనిపించినట్టు చెప్పండి

మంచిచెడ్డలు తేల్చకముందే, మీ చూపు ఏ దారిలో నడిచిందో చెప్పండి. కొత్తవారికి ఇంతకంటే విలువైనది ఇంకొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. తీసినవారు ఆ చోట గాలిని, చప్పుడును, మనుషులను అన్నిటినీ అనుభవించి వచ్చారు. ఫొటోలో లేనివి కూడా వాళ్ళకు కనిపిస్తూనే ఉంటాయి. మీకు మాత్రం ఆ నాలుగు అంచుల మధ్య ఉన్నదే కనిపిస్తుంది.

కోటిపల్లి రేవులో మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పంటు మీద తీసిన ఫొటో ఒకటి ఊహించుకోండి. దాని గురించి ఇలా చెప్పవచ్చు: ‘నా చూపు ముందు ఎడమ మూలనున్న ఎర్ర డ్రమ్ము మీదికి పోయింది. అక్కడి నుంచి మోటారుసైకిలు అద్దం మీదికి వచ్చింది. గొడుగు పట్టుకున్న పెద్దావిడను ఆ తర్వాత గానీ చూడలేదు. చూశాక మాత్రం ఆవిడ మొహం మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.’ ఇందులో పొగడ్త లేదు, తిట్టు లేదు. అయినా ఫొటో తీసిన అమ్మాయికి అవసరమైనదంతా ఉంది. ఆమె ఆ పెద్దావిడ కోసమే తీసింది. డ్రమ్ము అక్కడ ఉన్నట్టే ఆమె గమనించలేదు. ఈసారి రెండడుగులు కుడికి జరిగితే డ్రమ్ము ఫ్రేములోంచి తప్పుకుంటుందని ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

4. లోపం కనిపిస్తే దాని కారణం దాకా వెళ్ళండి

‘మసకగా ఉంది’ అని వదిలేస్తే లాభం లేదు. మసకలు నాలుగు రకాలు, నాలుగింటికీ మందులు వేరు.

ఫొటో మొత్తం ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. మోచేతులు ఒంటికి ఆనించుకోమనండి, లేదా రేవు రాటకో కొబ్బరి బోదెకో ఆనుకోమనండి. చుట్టూ అంతా స్పష్టంగా ఉండి మనిషో పిట్టో మాత్రమే చెదిరితే షట్టర్ వేగం చాల్లేదు. ఎగిరే కొంగకు సెకనులో 1000వ వంతో అంతకంటే తక్కువో కావాలి. ముఖం మసకగా ఉండి వెనకనున్న అరటి ఆకు స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పు చోట పడింది, తెర మీద ముఖాన్ని తాకి తీయాలి. అన్నిటి మీదా పాలపొర కప్పినట్టుంటే లెన్సు మీద వేలి జిడ్డయినా ఉండాలి, చెమ్మ అయినా పట్టి ఉండాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఏసీ కారులోంచి దిగీ దిగగానే కెమెరా తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కాసేపు ఆగి, మెత్తని బట్టతో తుడిచి తీస్తే చాలు. ఈ ఒక్క మాట తెలియక కెమెరా పాడైందని బెంగపడేవారు ఉంటారు.

ఇక తెలుపు సంగతి. ఈ ప్రాంతపు ఫొటోల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనక బురదలో పురుగులు ఏరుకునే తెల్ల కొంగలను తీస్తే, కొంగ తెల్లటి కాగితం ముక్కలా వస్తుంది, ఒక్క ఈక కూడా విడిగా తెలియదు. నరసాపురం లేసు అల్లే చేతులను దగ్గరగా తీస్తే, తెల్లటి లేసు మాసిన బట్టలా బూడిద రంగులో వస్తుంది. ఒకచోట తెలుపు మితిమీరింది, ఇంకోచోట తెలుపే పోయింది. రెండింటికీ మూలం ఒక్కటే. ఎదురుగా ఉన్నది ఏదైనా మొత్తం మీద మధ్యరకం వెలుతురులో రావాలని కెమెరా లెక్క వేసుకుంటుంది. బురద చీకటిగా ఉంది కదా అని వెలుతురు పెంచుతుంది, మధ్యలో ఉన్న చిన్న కొంగ కాలిపోతుంది. లేసు ఫ్రేమంతా నిండితే ఇంత తెలుపేమిటని వెలుతురు తగ్గిస్తుంది, లేసు మాసిపోతుంది. కాబట్టి కొంగకు ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుతురు, తగ్గించాలి, లేసుకు పెంచాలి. చాలా ఫోన్లలో తెర మీద తాకితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికో పైకో లాగితే చాలు. లేసుకు ఇంకొక మాట: వెలుతురు కిటికీలోంచి పక్కగా పడితేనే దారం దారంగా, కన్నం కన్నంగా కనిపిస్తుంది. ఎదురుగా ఫ్లాష్ వేస్తే అల్లికంతా చదునైపోతుంది.

మామూలు జేపెగ్ రకం ఫొటోలో పూర్తిగా కాలిపోయిన తెలుపును కంప్యూటర్లో వెనక్కి తేలేము. కాస్త చీకటిగా వచ్చినదాన్ని చాలావరకు సరిచేయవచ్చు. అనుమానం వస్తే చీకటి వైపే ఉండమని కొత్తవారికి చెప్పండి.

5. ఒక్క విషయమే ఎంచుకోండి

ఒక ఫొటోలో మీకు ఏడు లోపాలు కనిపించవచ్చు. ఏడూ చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఏది మారిస్తే ఫొటో అన్నిటికంటే ఎక్కువ బాగుపడుతుందో అదొక్కటే చెప్పండి. అది కూడా కాళ్ళతో, చేతులతో చేయగలిగే పనిగా చెప్పండి. ‘కూర్పు ఇంకా మెరుగుపడాలి’ అనే మాటతో ఎవరూ ఏమీ చేయలేరు.

గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటుతున్న ఫొటో ఒకటి పదో తరగతి కుర్రవాడు తెచ్చాడనుకుందాం. మోసేవాళ్ళు నీళ్ళలో ఉన్నారు, ప్రభ పైభాగం ఫ్రేము అంచుకు తగిలి తెగిపోయింది. ఇలా చెప్పవచ్చు: ‘ముందు వరుసలో ఉన్నాయన మెడ నరాలు ఉబ్బడం కూడా కనిపిస్తోందిరా, ఆ బరువంతా నాకు తెలిసింది. సరైన క్షణంలో తీశావు. కానీ ప్రభ పైన తెగింది, కింద కాలువ నీళ్ళు కొంచెమే ఉన్నాయి. నీకు ప్రభ ముఖ్యమా, మోసేవాళ్ళు ముఖ్యమా? ప్రభ అయితే వచ్చే ఏడు ముందే వెళ్ళి కాలువకు దూరంగా చోటు చూసుకో, ఫోను నిలువుగా పట్టుకో. మోసేవాళ్ళయితే ప్రభను వదిలేసి భుజాలూ మొహాలే నిండేలా దగ్గరికి వెళ్ళు.’

మెచ్చుకున్నది కూడా ఎంత నిర్దిష్టంగా ఉందో చూడండి. ‘సరైన క్షణంలో తీశావు’ అన్నందువల్ల వాడు ఆ పని మళ్ళీ చేస్తాడు. ఉత్త ‘సూపర్’ అని ఉంటే ఏది సూపరో వాడికెలా తెలుస్తుంది?

6. మీ ఇష్టాన్ని లోపంగా చెప్పకండి

నీటి గీత వాలిపోయి గోదావరి ఒక పక్కకు ఒలికిపోతున్నట్టుంటే అది లోపమే, మొహమాటం లేకుండా చెప్పవచ్చు. ఫ్రేమును మూడు భాగాలు చేసి గీతల మీదే అన్నీ పెట్టాలన్నది మాత్రం ఒక అలవాటు, చట్టం కాదు. ఎదురెండలో మనిషి నల్లటి నీడలా రావడం కొందరు కావాలనే చేస్తారు. సాయంత్రం కోటిపల్లి నుంచి, సూర్యుడు దిగే అవతలి గట్టునున్న ముక్తేశ్వరం వైపు తీస్తే అదే వస్తుంది, మొహం కనబడాలంటే పొద్దున్నే వెళ్ళమనాలి. ఏది కావాలో తీసినవారి ఇష్టం.

రంగుల విషయంలోనూ అంతే. కడియం నర్సరీల్లో తీసిన బంతిపూలకు, కాగితపు పూలకు ఎడిటింగులో రంగు బాగా పెంచేస్తారు. నాకు నచ్చదు. నచ్చదని చెప్పే హక్కు నాకుంది, కానీ ‘ఇది నా అభిరుచి’ అని కలిపి చెప్పాలి. రంగు పెంచినందువల్ల రేకుల మీది గీతలు కలిసిపోయి పువ్వు ఎర్రటి ముద్దలా మారితే, అప్పుడది అభిరుచి మాట కాదు.

7. మనిషిని బట్టి, చోటును బట్టి మాట్లాడండి

పదిమంది ఉన్న గ్రూపులో మెచ్చుకోలు చెప్పండి, సరిదిద్దే మాట విడిగా ఫోను చేసి చెప్పండి. పెద్దవారికి ప్రశ్న రూపంలో చెబితే బాగుంటుంది: ‘మాస్టారూ, ఈ పిట్టను నేల మీద కూర్చుని, దాని కంటి ఎత్తు నుంచి తీస్తే ఎలా ఉంటుందంటారు?’ చిన్నపిల్లలకు కారణాలు తక్కువ చెప్పి పని ఎక్కువ చెప్పండి. మీ ఇంటి పిల్లల్నీ పక్కింటి పిల్లల్నీ పోల్చవద్దు. ‘నీకు ఫొటోలు రావు’ అనకండి, ‘ఈ ఫొటోలో మొహం మీద వెలుతురు పడలేదు’ అనండి.

8. ఫొటోలో ఉన్నవారి తరఫున కూడా మాట్లాడండి

కార్తికమాసంలో ఘాట్లలో స్నానాలు చేసే ఆడవాళ్ళ ఫొటోలు చాలా వస్తాయి. 2027లో గోదావరి పుష్కరాలకు ఇంకా ఎక్కువ వస్తాయి. వెలుతురు ఎంత అందంగా ఉన్నా, తడిబట్టల్లో ఉన్న మనిషి అనుమతి లేకుండా దగ్గరగా తీసిన ఫొటో అయితే దాని కూర్పు గురించి మాట్లాడకండి. ఎవరికీ పంపవద్దని ముందు చెప్పండి. ఇక్కడ మాత్రం మెత్తగా చెప్పాల్సిన పని లేదు.

2022 జూలై వరదల్లాంటి సమయాల్లో లంక గ్రామాల్లో తీసిన ఫొటోలకు ఊరు, తేదీ రాసి పెట్టుకోమనండి. అవి రేపు ఆ ఊరికి ఆధారాలు. కోరింగ మడ అడవుల్లోనో ఇంకెక్కడో పక్షి గూడును తీసినవారికి మాత్రం ఆ చోటును బయటపెట్టవద్దని చెప్పండి. గూటి దగ్గరికి ఎంతసేపు, ఎంత దగ్గరగా వెళ్ళారో కూడా అడగండి.

9. తర్వాతి ఫొటో చూడండి

కొన్నాళ్ళకు అదే మనిషి ఇంకో ఫొటో తెస్తే, ముందు పాతదాన్ని పక్కన పెట్టి రెండూ కలిపి చూడండి. మీరు చెప్పిన మార్పు చేశారా? చేస్తే ఫలితం వచ్చిందా? వస్తే ఎక్కడ వచ్చిందో వేలితో చూపించండి, అప్పుడే రెండో విషయం ఎత్తుకోండి. మార్పు చేసినా ఫొటో బాగుపడకపోతే మీరు వేసుకున్న కారణం సరైనది కాకపోవచ్చు. ఆ మాట వాళ్ళతోనే అని, ఆ చోట తీసిన మిగతా ఫొటోలన్నీ, పక్కన పడేసినవి కూడా, చూపించమనండి. అసలు చిక్కు ఎక్కడుందో చాలాసార్లు పక్కన పడేసినవాటిలోనే దొరుకుతుంది.