అమెరికా జైలు నుంచి పౌరహక్కుల దావా: ఫీజు దగ్గరే కేసు పోకుండా చూసుకోవడం ఎలా?

జైల్లో ఉన్నవారికి కాగితాలు సిద్ధం చేసిపెట్టే బంధువులు దావా రాయడానికి వారాలు వెచ్చిస్తారు. ఖైదీకి జైల్లో ఉండే డబ్బు ఖాతా లెక్క కాగితాన్ని మాత్రం చివరి రోజుకు వదిలేస్తారు. దావా బోల్తా పడేది అక్కడే.

ముందు జైల్లోనే ఫిర్యాదు పెట్టి, అప్పీలు అంచెలన్నీ దాటాలి. ఖైదీల దావాలపై వచ్చిన 1996 నాటి చట్టం (PLRA) ప్రకారం ఇది తప్పనిసరి. ఆ తర్వాత లాయరు లేకుండా సొంతంగా దావా వేసే ఖైదీల కోసం ఉన్న ప్రో సే 14 ఫారం నింపాలి. నల్ల సిరా, విడి అక్షరాలు. ఇంకో రంగు వద్దు. ఎవరు, ఏ రోజు, ఏం చేశారు అన్నది చాలు, కుటుంబ చరిత్ర అక్కరలేదు. సంతకం ఖైదీదే ఉండాలి, అన్నగారిది పనికిరాదు.

ఇక ఫీజు. ఫెడరల్ జిల్లా కోర్టులో 405 డాలర్లు. కట్టలేమని అర్జీ పెడితే పాలనా రుసుము 55 డాలర్లు తప్పుతుంది, మిగతా 350 తప్పదు. వాయిదాల్లో వసూలు చేస్తారంతే. ‘ఫీజు మాఫీ’ అని చెప్పేవారి మాట నమ్మకండి.

అర్జీతో పాటు గత ఆరు నెలల జైలు ఖాతా లెక్క, అధికారి ధ్రువీకరణతో జతచేయాలి. ఆ ఆరు నెలల్లో మూడు జైళ్లు మారితే మూడింటి నుంచీ కావాలి. ఇప్పుడున్న జైలుదొక్కటే పంపి ఊరుకుంటే, కోర్టు గడువు ఇచ్చి, అది దాటగానే కేసు కొట్టివేస్తుంది. జైలు మారిన సంగతి కోర్టుకు రాయకపోతే ఆ గడువు ఉత్తరం కూడా అందదు. అందుకే దావా రాయకముందే ఖాతా లెక్క కోసం అడగాలంటాను. లాయర్లు కొందరు తర్వాత పంపవచ్చంటారు. కౌంటర్ దగ్గర తిరిగేది వాళ్లు కాదు కదా.

మొదటి వాయిదా, నెలసరి జమ సగటు, నెలసరి నిల్వ సగటు రెండింటిలో ఏది ఎక్కువైతే దానిలో 20 శాతం. ఆరు నెలల్లో ఇంటి నుంచి 1,200 డాలర్లు పంపారనుకోండి: సగటు 200, మొదటి వాయిదా 40. ఆపైన నిల్వ 10 డాలర్లు దాటినప్పుడల్లా, అంతకు ముందు నెల జమలో 20 శాతం కోర్టుకు వెళుతుంది. అమ్మ సబ్బుకూ ఫోనుకూ అని పంపిన వందలో 20 కూడా అందులోనే. రెండు కేసులుంటే 40 పోతాయి, 2016లో సుప్రీంకోర్టు అదే తేల్చింది. ఖాతాలో ఏమీ లేనంత మాత్రాన దావా ఆపరు. కేసు కొట్టివేసినా బాకీ మాత్రం పోదు.

పసలేదనో, దురుద్దేశమనో, చట్టం ప్రకారం నిలవదనో మూడుసార్లు కొట్టివేస్తే వాయిదాల సౌకర్యం పోతుంది. తీవ్రమైన శారీరక ప్రమాదం ముంచుకొస్తే తప్ప ఫీజంతా ముందే కట్టాలి. మళ్లీ వేసుకోవచ్చని కోర్టు చెప్పినా అదీ లెక్కలోకే వస్తుందని 2020లో తేలింది. అందుకే కోపంలో దావా వేయొద్దు.

కేవలం వీసా ఉల్లంఘన కింద వలస నిర్బంధంలో ఉన్నవారు ఈ 1996 చట్టం దృష్టిలో ఖైదీలు కారని పలు అప్పీలు కోర్టులు చెప్పాయి. ఖైదీల ఫారం నింపేముందు అది చూసుకోండి. వారికి కావలసింది విడుదలే అయితే అసలు ఈ దావా కాదు, నిర్బంధమే చట్టబద్ధం కాదని సవాలు చేసే హెబియస్ కార్పస్ పిటిషన్ వేయాలి. దాని ఫీజు 5 డాలర్లు.